మగ్గాల మేడ మీది డిష్

రఘు పోయాక అతని ఫోను నేను ఆపించలేదు. నెలనెలా రీచార్జి చేయించి, హన్మకొండలో మా వంటగది కిటికీ దగ్గర పెట్టేదాన్ని. బ్యాంకు వాళ్లు, బీమా వాళ్లు చేసేవారు. మనిషి లేడని చెబితే ఒక క్షణం ఆగి "సారీ మేడమ్" అనేవారు. 2021 అక్టోబరు చివర్లో సూరత్ నుంచి ఒక ఆడమనిషి చేసింది.

"రఘు సార్ వాళ్ల అక్కవా? నేను పద్మ. ఈడ స్కూల్ల టీచర్ను. సార్ పెట్టిన సామాన్ వాపస్ తీస్కపోతమంటున్నరక్కా. నువ్వు జర ఒకసారి రాగలుగుతవా?"

రఘు నా తమ్ముడు, నాకంటే పదేళ్లు చిన్న. సూరత్‌లో నెట్‌వర్క్ కేబుళ్లు వేసే కంపెనీలో ఆరేళ్లు పనిచేశాడు. 2020లో లాక్‌డౌన్ పడి బళ్లు మూతపడ్డప్పుడు అక్కడి తెలుగు మీడియం బడి కోసం ఒక పని మొదలుపెట్టాడు. హైదరాబాదు ట్రస్టు ఒకటి సామాను ఇచ్చింది. బడి మేడ మీద ఒక డిష్, అక్కడికి కిలోమీటరున్నర దూరంలో నవాగామ్‌లో ఒక మేడ మీద ఇంకో డిష్ ఎదురెదురుగా బిగించాడు. బడికి ఉన్న ఇంటర్నెట్ ఆ రెండు డిష్‌ల మధ్య గాలిలో నడిచి నవాగామ్‌లోని ఒక గదికి చేరేది. ఇంట్లో స్మార్ట్‌ఫోను లేని పిల్లలు అక్కడ దూరదూరంగా కూర్చుని, హైదరాబాదులో ఉండే అరుణ టీచరు చెప్పే లెక్కలు, సైన్సు గోడ మీది తెరలో వినేవారు.

జూన్‌లో రైళ్లు దొరకగానే రఘు ఇంటికి వచ్చేశాడు. ఆ తరువాత ఆ పనిని ఫోన్లోనే చూసుకునేవాడు. మరుసటి ఏడాది రెండో వేవ్‌లో చనిపోయాడు.

ఆ డిష్ ఏడాదికి పైగా సరిగా పనిచేయడం లేదట. ఎవరైనా చూసి, బాగా పనిచేస్తోందని బాధ్యతగా రాసిస్తే ఉంచుతాం, లేకపోతే మరో ఊరి బడికి పంపుతాం అని ట్రస్టు వాళ్లు చెప్పారు. నేను చూసి వస్తానన్నాను. ముప్పై ఏళ్లు కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసిన దాన్ని, వైర్ల సంగతి నాకేమీ తెలియదు. అయినా వెళ్లాలనిపించింది. రఘు ఉన్న ఆరేళ్లలో "రా అక్కా, ఒక్కసారి చూసిపో" అని ఎన్నోసార్లు అన్నాడు. నేను వెళ్లలేదు.

బండిలో

దీపావళి వెళ్లిన శనివారం వరంగల్‌లో బండి ఎక్కాను. కరోనా వచ్చినప్పటి నుంచి రైల్లో దుప్పట్లు ఇవ్వడం మానేశారు. నేను తెచ్చుకున్న దుప్పటి చాలలేదు. ఎదుటి బెర్తులోకి పెద్దపల్లిలో ఒకామె ఎక్కింది. కొడుకు సూరత్‌లో చీరల మార్కెట్‌లో పనిచేస్తాడట, కోడలికి ఏడో నెలట. ఎక్కిన గంటలోపే ఇవన్నీ చెప్పేసింది. మధ్యాహ్నం డబ్బా తెరిచి సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టింది. తినడానికి ఇద్దరం మాస్కులు దించాం.

"గిప్పటిదాంక నీ మొకం ఇంకో తీరు అనుకున్న" అని నవ్వింది. "నాకు మా అత్త లెక్క కొడ్తున్నవు."

"మీ అత్త మంచిదేనా?"

"ఏం మంచిది! ఒక ముద్ద ఎక్కువ తింటే గిన్నెల దిక్కు చూసేది." మళ్లీ నవ్వి, "సూరత్ల నీకెవరున్నరు?" అని అడిగింది.

"తమ్ముడు ఉండేవాడు."

ఆమె కాసేపటికి డబ్బా మళ్లీ తెరిచి ఇంకో ముక్క ఇచ్చింది. ఆ ఏడాది ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు. అందరికీ అలవాటైపోయింది.

తెల్లవారుతుండగా నందుర్బార్‌లో టీ తాగాం. చిన్న కాగితం గ్లాసు, పది రూపాయలు. అల్లం ఘాటుగా ఉంది. మా వైపు టీలో అంత అల్లం వేస్తే కషాయం అంటారు. అక్కడి నుంచి పొలాలన్నీ చెరుకు, అరటి. ఉధ్నా దగ్గరపడుతుంటే రేకుల షెడ్లు, రంగునీళ్ల కాలువలు మొదలయ్యాయి. ఎక్కడా పొగ లేదు. దీపావళి సెలవులని పెద్దపల్లి ఆమె చెప్పింది.

పద్మ ఇల్లు

స్టేషన్‌లో టీకా కాగితం చూసి పంపారు. పద్మ స్కూటర్ మీద వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. అమ్మానాన్నలు సిరిసిల్ల వాళ్లు, తను మాత్రం పుట్టింది, చదివింది అంతా ఇక్కడే. నాతో తెలుగు, స్కూటర్‌కు అడ్డం వచ్చిన వాడితో హిందీ, పెట్రోలు పోసే వాడితో గుజరాతీ మాట్లాడింది. మూడింటిలోనూ ఒకే వేగం.

దారిలో ఆపి లోచో తినిపించింది. శనగపిండితో ఉడికించిన మెత్తటి ముద్ద. పైన నూనె, వెన్న, సన్న కారప్పూస, పక్కన పచ్చి చట్నీ. ప్లేటు ముప్పై రూపాయలు. పొద్దున్నే అంత నూనె ఎలా తింటారని అడిగాను.

"సూరత్ల డైటింగ్ చేస్తే పోలీసోళ్లు పట్టుకపోతరక్కా" అంది.

వాళ్లింట్లో మధ్యాహ్నం అన్నం, పచ్చిపులుసు, వాటి పక్కనే రొట్టెలు, బంగాళదుంప కూర. ఇంటి ఓనరు గుజరాతీ ఆమె పంపిన పప్పు కూడా ఉంది. తియ్యగా ఉంది. నా ముఖం చూసి పద్మ వాళ్ల అమ్మ, "మేం వచ్చిన కొత్తల పాయసమనుకొని ఆఖరుకు తాగినం" అంది.

సాయంత్రం రఘు అద్దెకున్న గది చూపించమన్నాను. అందులో ఇప్పుడు ఒక ఒడియా కుటుంబం ఉంటోంది. లోపలికి రమ్మన్నారు కానీ నేను గుమ్మం బయటి నుంచే చూశాను. కిటికీ నుంచి అటక దాకా అతను వేసుకున్న వైరు ఇంకా ఉంది. వంకర లేకుండా, జానెడుకో మేకు కొట్టి ఉంది. చిన్నప్పుడు నోటుబుక్కులకు అట్టలు కూడా అలాగే వేసేవాడు. నా పుస్తకాలకూ వాడే వేసేవాడు.

నవాగామ్

సోమవారం ఆ మేడకు వెళ్లాం. కింది రెండు అంతస్తుల్లో మరమగ్గాల కార్ఖానా. మూడో అంతస్తులో తెలుగు నేతవాళ్ల సంఘం గది. గోడకు మార్కండేయ స్వామి పటం, దాని పక్కన తెర. పెద్ద తరగతులకు బడి తెరిచారు కానీ అయిదో తరగతి లోపు వాళ్లకు ఇంకా తెరవలేదు. ఆ పిల్లలు ఇరవై ఇద్దరు రోజూ మధ్యాహ్నం మూడింటికి ఈ గదికి వస్తారు. సెలవుల్లోనూ వస్తున్నారు. ఏడాదిన్నర పోయింది, ఇంకా సెలవులేంటని పద్మ, అరుణ టీచరు అనుకున్నారట. అయిదో తరగతి వాళ్లలో కొందరు రెండేళ్ల కిందట మూడో తరగతిలో నేర్చిన భాగహారమే మరిచిపోయారని పద్మ చెప్పింది. తెలుగులో లెక్కలు చెప్పే టీచరు ఆ బడిలో చిన్న తరగతులకు లేడు. ఈ తెర పోతే వాళ్లకు లెక్కలు చెప్పే మనిషి లేనట్టే.

మెట్లెక్కి మేడ మీదికి వెళ్లాను. నీళ్ల ట్యాంకు కింద ఇనుప స్టాండు, దానికి కట్టిన పొడవాటి గొట్టం, గొట్టం చివర డిష్. కింద ఒక రేకు పెట్టె. దాని తలుపు మీద తెల్ల రంగుతో రఘు చేతిరాత: "ఈ నట్లు ఎవరూ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే డిష్ దిక్కు మారుతుంది. ఏదైనా ఉంటే ఫోన్ చేయండి." కింద నెంబరు. ఆ నెంబరున్న ఫోను ఆ సమయంలో నా సంచిలోనే ఉంది.

పెట్టె పక్కన ఒక స్టెబిలైజరు చూసి గుర్తుపట్టాను. కిందటి ఏడాది శీతాకాలంలో అది పార్సిల్ చేసేటప్పుడు నేనే దాని చుట్టూ పాత చీర చుట్టాను. క్లాసు మధ్యలో తెగిపోతోందని సూరత్ నుంచి ఫోన్లు వచ్చేవి. కార్ఖానా నడిచేటప్పుడే పోతోందని చెబితే, మగ్గాలు కరెంటు లాగేస్తున్నాయి, వోల్టేజి పడిపోతోంది అని రఘు తేల్చాడు. స్టెబిలైజరు పంపాడు. అయినా ఫోన్లు ఆగలేదు. ఆస్పత్రిలో చేరడానికి రెండు రోజుల ముందు కూడా, దగ్గుతూనే, పెట్టె ఆపి మళ్లీ వెయ్యమని ఎవరికో చెబుతున్నాడు.

ఆ రోజు క్లాసు చక్కగా నడిచింది. అరుణ టీచరు ముఖం స్పష్టంగా కనిపించింది. భిన్నాలు చెప్పింది. పిల్లలు ఒకరి తరువాత ఒకరు లేచి జవాబులిచ్చారు. గంటసేపు ఒక్కసారీ తెగలేదు. నేను వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. వాడు ఇదే కదా ఆరేళ్లు చూడమన్నది అనుకున్నాను. నిజానికి ఆరేళ్లలో ఇది చివరి రెండు నెలల పనే. అయినా అలాగే అనిపించింది.

క్లాసు అయిపోగానే ట్రస్టుకు మెసేజ్ పెట్టాను: "స్వయంగా చూశాను. బాగా పనిచేస్తోంది."

పద్మకు చూపించాను. ఆమె చదివి, "రజల మంచిగనే నడుస్తదక్కా" అంది. రజా అంటే ఇక్కడి భాషలో సెలవు. ఆ మాటను నేను పట్టించుకోలేదు.

లాభ్ పాంచమ్

దీపావళి తరువాత అయిదో రోజు లాభ్ పాంచమ్. సూరత్‌లో దుకాణాలు, కార్ఖానాలు ఆ రోజు మళ్లీ తెరుస్తారు. పాండేసరలోని పెద్ద మిల్లుల వాళ్లకు ఊళ్లకు వెళ్లిన పనివాళ్లు తిరిగి రావడానికి ఇంకా వారాలు పడుతుందట. ఈ మేడలో పనిచేసేది చుట్టుపక్కల సందుల్లోని తెలుగువాళ్లే కాబట్టి ఆ పొద్దునే మొదలుపెట్టారు. మగ్గాలు బాగుచేసే రాజమల్లు మాస్టర్ కొబ్బరికాయ కొట్టాడు. సిరిసిల్ల నుంచి నలభై ఏళ్ల కిందట వచ్చిన మనిషి. బక్కగా, పొడుగ్గా ఉంటాడు. ప్రతి మగ్గానికీ కుంకుమ బొట్టు పెట్టి, నా చేతిలో పేడా పెట్టాడు.

"మనకాడ దసరకు పెడ్తం. ఈడ దీపావళికి. మేం రెండు సార్లు పెడ్తం చెల్లె. మగ్గానికి మొకం మొత్తుతదో ఏమో."

తరువాత స్విచ్ వేశారు. ఇరవై నాలుగు మగ్గాలు ఒకదాని తరువాత ఒకటి అందుకున్నాయి. మాట వినపడలేదు. నాకు మాత్రం ఆ చప్పుడు ఇష్టంగా ఉంది. మాది చేనేత ఇల్లు. నాన్న గుంట మగ్గం మీద తువాళ్లు నేసేవాడు. రఘు పసివాడిగా ఉన్నప్పుడు మగ్గం నడుస్తుంటేనే నిద్రపోయేవాడు, ఆగితే లేచి ఏడ్చేవాడు. అమ్మ నాన్నను అన్నానికి పిలవాలన్నా వాడు గాఢంగా నిద్రపోయాడో లేదో చూసి పిలిచేది.

మూడింటికి క్లాసు మొదలైంది. పది నిమిషాలకు అరుణ టీచరు నోరు తెరిచినట్టే ఆగిపోయింది. మాట ముక్కలైంది. తరువాత తెర మీద చక్రం తిరగసాగింది. నేను పరుగున మేడ మీదికెళ్లి స్టెబిలైజరు చూశాను. ముల్లు కదలకుండా నిలబడి ఉంది. కరెంటులో ఏ లోపమూ లేదు. కిందికి వచ్చేసరికి పిల్లలెవరూ గాభరా పడలేదు. నోటుబుక్కులు తీసి రాసుకుంటున్నారు.

అయిదో తరగతి స్వప్న నన్ను చూసి, "రోజు గిట్లనే అమ్మమ్మా. టీచర్ బొమ్మ అయిపోతది. బొమ్మ అయ్యే లోపల సవాల్ రాసుకోవాలె. నేను ఫాస్ట్‌గ రాస్త" అంది.

"మరి జవాబు?"

"జవాబు రేపు. రేపు కూడా బొమ్మ అయితే, సండే."

ముందు రోజు పద్మ అన్న మాట అప్పుడు అర్థమైంది. నేను చూసింది మగ్గాలు ఆగిన రోజు. రఘు బిగించింది కూడా మగ్గాలు ఆగిన రోజుల్లోనే. లాక్‌డౌన్‌లో ఈ మేడ మొత్తం నిశ్శబ్దంగా ఉంది. కార్ఖానాలు తెరవకముందే అతను రైలెక్కాడు.

సాయంత్రం ట్రస్టుకు ఫోన్ చేసి నిన్న రాసింది తప్పని చెప్పాను. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, మరో బడి వాళ్లు నాలుగు నెలలుగా అడుగుతున్నారు. సోమవారం నేనే క్లాసులో ఆన్‌లైన్‌గా కూర్చుంటాను. మామూలు పనిరోజున గంటసేపు తెగకుండా నడిస్తే ఉంచేస్తాం. లేదంటే మంగళవారం ప్యాక్ చేయించండి."

రాజమల్లు అరచెయ్యి

బుధవారం మధ్యాహ్నం అన్నం వేళకు రాజమల్లు నన్ను మేడ మీదికి తీసుకెళ్లాడు. కింద మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి.

"చెప్పులు ఇడువు చెల్లె" అన్నాడు.

విడిచాను. అరికాళ్లకు సన్నటి వణుకు తెలిసింది.

"ఇప్పుడు గిది పట్టు." నా చెయ్యి తీసి డిష్ గొట్టం మీద పెట్టించాడు. మోచేయి దాకా వణికింది. "మగ్గం ఖరాబైతే మేం కండ్లతోని చూడం. చెయ్యి పెడ్తం. యాడ తప్పున్నదో చెయ్యికే ఎరుకైతది. ఈ ట్యాంకు స్టాండున్నది సూడు, గిది సరిగ్గ మగ్గాల లైను నెత్తిమీదున్నది. బిల్డింగ్ అంతట్ల ఎక్కువ ఊగేది ఈడనే. గీ పొడుగు గొట్టం ఇంక ఊగిస్తది."

డిష్ అంచు వేలి మందం అటూ ఇటూ ఆడుతోంది. ఇక్కడ అంత కదిలితే, కిలోమీటరున్నర అవతల అది బడి మేడను వదిలి పక్కిళ్ల మీదికి పోతుంది.

"మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఆర్నెల్లాయె."

"ఆరు నెలలు! మరి ఎందుకు చెప్పలేదు?"

ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "లాక్‌డౌన్ల నేను సిరిసిల్లకు పోయిన. ఆడ మోకాలు ఆపరేషనయింది. చానా నెలలకు తిరిగొచ్చిన. అదే హఫ్తల ఆయన పోయిండని ఖబర్ వచ్చింది. అటెన్క నేను పైకొచ్చి చెయ్యి పెట్టి చూసిన. చూస్తే ముట్టుకోవద్దని రాసున్నది. బతికున్న మనిషి రాస్తే పోన్ చేసి అడుగుత. పోయిన మనిషి రాస్తే ఎవల్ని అడగాలె?"

నేను పెట్టె తలుపు మీది రాత వైపు చూశాను.

"మా ఇంట్ల ఒక పద్ధతి ఉన్నది చెల్లె. నేసేటోడు మగ్గం మీద బట్ట సగం ఉండంగ పోతే, ఆ బట్ట మేం కొయ్యం. ఆయన కొడుకో, చెల్లెనో, పెండ్లామో వచ్చి కత్తెర పెట్టాలె. అటెన్క ఎవరన్న కొయ్యొచ్చు. ఎవలు రాకపోతే గట్లనే ఉంచుతం. మా నాయిన మగ్గం నేను పోయేదాంక రెండు నెలలు గట్లనే ఉన్నది."

రఘు చేసిన తప్పు నాకు అక్కడ నిలబడి ఉండగా పూర్తిగా తెలిసింది. వేరే ఎవరైనా అయితే కార్ఖానా మీద బిగిస్తున్నాం, ఊగుతుందేమో అని ఒక్కసారి ఆలోచించేవారు. మా నాన్న మగ్గం నేలలో గుంట తీసి దింపింది. రోజంతా నేసినా పక్కనున్న చెంబులో నీళ్లు కదిలేవి కావు. మగ్గం చప్పుడు చేస్తుందని మాకు తెలుసు, ఇల్లు కదుపుతుందని తెలియదు. నేతింట్లో పుట్టాం కాబట్టే ఆ అనుమానం మా ఇద్దరికీ రాలేదు.

ఇక్కడికి వచ్చేటప్పుడు నా మనసులో ఒక ఆశ ఉండేది. తప్పు కంపెనీదో, కరెంటుదో, ఇంకెవరిదో అని తేలుతుందని. తేలింది మరొకటి. పద్మకు, పిల్లలకు ఆ సంగతి ఎలా చెప్పాలా అని కాసేపు ఆలోచించాను. తరువాత, చెప్పకపోతే సోమవారం ఏమవుతుందో ఆలోచించాను.

"విప్పండి" అన్నాను.

రాజమల్లు జేబులోంచి పానా తీసి నాకిచ్చాడు. "మొదటి నట్టు నువ్వు."

అది గట్టిగా పట్టేసి ఉంది. రఘు బిగించిన నట్టు అంత సులువుగా రాదు. రెండు చేతులతో లాగాను. మూడోసారికి కదిలింది. మిగతావి ఆయన విప్పాడు.

పక్కింటి మేడ

డిష్ ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. సందుకు అవతల, పన్నెండు అడుగుల దూరంలో మగ్గాలు లేని ఇల్లు ఒకటుంది. అది కాంతాబెన్ అనే గుజరాతీ ఆమెది. డెబ్బై ఏళ్లుంటాయి. పద్మను చూడగానే తలుపు సగం మూసింది.

"మీరు విప్పడం చూశాను. నీ టవర్ నా ఇంటి మీద వద్దు" అంది హిందీలో. రెండో వేవ్‌లో ఇలాంటి టవర్ల వల్లే జనం పోతున్నారని ఆ వీధిలో ఫోన్లలో తిరిగిందట. ఆ ఏప్రిల్‌లోనే ఆమె భర్త పోయాడు.

పద్మ వాదించబోయింది. నేను ఆపాను. నా హిందీ నిజాం కాలపు హిందీ, ఆమెది గుజరాతీ కలిసిన హిందీ. గుమ్మంలోనే నిలబడి మాట్లాడుకున్నాం.

"అది పెట్టినవాడు నీ తమ్ముడట కదా బెన్. వాడూ పోయాడట. దానివల్లనే అంటారు."

"పోయాడు. దీనివల్ల కాదు. పోయేటప్పటికి దీనికి దూరంగా పది నెలలు మా ఇంట్లోనే ఉన్నాడు. మీ ఆయనకు వచ్చిందే వాడికీ వచ్చింది. నాకే ముందు వచ్చింది. నా నుంచి వాడికి వచ్చింది."

ఈ చివరి మాట అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. పద్మ నా వైపు చూసింది.

కాంతాబెన్ తలుపు తీసి లోపలికి రమ్మంది. రాగి చెంబుతో నీళ్లిచ్చింది. తరువాత టీ. ఆమె సాసర్‌లో పోసుకుని తాగింది, నన్నూ అలాగే తాగమంది. భర్తను ఆస్పత్రికి తీసుకెళ్లిన సంగతి, తరువాత ఒక్కసారీ చూడనివ్వని సంగతి చెప్పింది. నేను విన్నాను. తరువాత నేను చెప్పాను. టీ రెండుసార్లయింది. డిష్ మాట ఇద్దరం ఎత్తలేదు.

లేచేటప్పుడు ఆమే అంది. "తులసి వైపు వద్దు. మెట్ల గది గోడకు పెట్టుకోండి. కన్నం పెట్టిన చోట వానకు నీళ్లు కారితే మాత్రం నువ్వే హన్మకొండ నుంచి వచ్చి సిమెంటు పెట్టాలి. వేరే వాళ్లను పంపితే ఒప్పుకోను."

"నాకు సిమెంటు పని రాదు."

"అయితే నేర్చుకుని రా."

శుక్రవారం రాజమల్లు గోడకు కన్నాలు పెట్టాడు. బడి మేడ మీద పద్మ నిలబడి, అక్కడి పెట్టెలో వెలిగే దీపాలు చూస్తూ ఫోన్లో చెప్పింది. "జర ఎడమకు... అరే, గంత కాదు మాస్టర్, నువ్వేమన్న బండి తిప్పుతున్నవా? వాపస్ రా... బస్ బస్ బస్!" సందు మీదుగా వైరు లాగి, మగ్గాలకు వాడే నైలాన్ తాడుతో కట్టారు. రేకు పెట్టెను కూడా తెచ్చి కొత్త గోడకే బిగించారు. రాత తుడవాలా అని రాజమల్లు అడిగాడు. వద్దన్నాను. నట్లు ముట్టుకోవద్దన్న మాట ఇక్కడికీ వర్తిస్తుంది. నెంబరు కూడా ఉండనిమ్మన్నాను. ఎవరైనా చేస్తే నేను ఎత్తుతాను.

సోమవారం మూడు గంటలు

కింద ఇరవై నాలుగు మగ్గాలూ నడుస్తున్నాయి. రాజమల్లు ఒక్కదాన్నీ ఆపనివ్వలేదు. కావాలంటే గంటసేపు ఆపిస్తానని కార్ఖానా శేట్ అన్నాడట. "ఆపి చూపెడితే ఏం చూపెట్టినట్టు?" అని ఈయన వద్దన్నాడు. తెరలో ఒక మూల ట్రస్టు మనిషి పేరు కనిపిస్తోంది, ముఖం లేదు. కాంతాబెన్ కూడా వచ్చి తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. ఆమెకు తెలుగు రాదు.

అరుణ టీచరు భాగహారం మొదలుపెట్టింది. పది నిమిషాలు దాటింది. పిల్లలు అలవాటు కొద్దీ గబగబా రాసుకుంటున్నారు, ఆగిపోతుందని. పావుగంట దాటింది. స్వప్న పెన్సిలు పెట్టి తెర వైపు అనుమానంగా చూసింది. ఇరవై నిమిషాలు దాటాక అరుణ టీచరు లెక్క చెప్పడం ఆపింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె బొమ్మ కాలేదు. తల కొంచెం పక్కకు వంచి వింటోంది.

"పిల్లలూ, ఆ చప్పుడేంటి?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏ చప్పుడో వాళ్లకు తెలియలేదు.

"టకటకమని, ఆగకుండా వస్తోంది చూడండి. ఇంతకు ముందూ ముక్కలు ముక్కలుగా వినపడేది. అది వస్తే లైన్ పోయేది. నెట్‌వర్క్ గోల అనుకునేదాన్ని."

"మగ్గాలు టీచర్!" ఇద్దరు ముగ్గురు ఒకేసారి అరిచారు.

"మగ్గాలా? మీ దగ్గరేనా?"

"కిందనే టీచర్. మా డాడీ నడుపుతడు" అంది స్వప్న.

ఏడాదిన్నరగా పాఠం చెబుతున్న మనిషి ఆ పిల్లల తండ్రులు చేసే పని చప్పుడు మొదటిసారి పూర్తిగా వింటోంది. ఆ చప్పుడూ పాఠమూ ఒకేసారి ఆ గదిలో ఎప్పుడూ నిలవలేదు.

"ఒక్క నిమిషం" అంది అరుణ టీచరు. "కిటికీ దగ్గర ఎవరున్నారు? కొంచెం తెరుస్తారా?"

స్వప్న లేచి కిటికీ తెరిచింది.